మధ్యాహ్నం రాని ఇరవై మూడు రోజులు

ప్రభుత్వం మూతపడిన రోజు మధ్యాహ్నం రాలేదు. పన్నెండు గంటల వరకు ఉదయం మామూలుగానే నడిచింది. ఆ తరువాతి నిమిషంలో సాయంత్రం నాలుగైంది. గోడల నీడలు ఒక పక్క నుంచి రెండో పక్కకు జరిగాయి, అంతకుమించి ఏ చప్పుడూ కాలేదు. ప్రభుత్వాన్ని తెరిచి ఉంచే కాగితం మీద సంతకాలు చేయాల్సిన ఇద్దరు పెద్దమనుషులు, ఎవరు ముందు చేయాలన్న విషయంలో ఒక మాటకు రాలేకపోయారని, అత్యవసర సేవలు మాత్రం ఆగవని ముందురోజే ప్రకటన వచ్చింది. ఆ సేవల జాబితాలో ఉదయం ఉంది, సాయంత్రం ఉంది. రాత్రిని శాంతిభద్రతల కింద చేర్చారు. మధ్యాహ్నాన్ని ఎవరూ చేర్చలేదు. జాబితా రాసిన గుమస్తాకు భోజనం చేశాక కునుకు తీసే అలవాటు ఉండటం వల్ల ఆ వేళలో అత్యవసరమైనదేదీ అతని దృష్టికి వచ్చి ఉండదని తరువాత అనుకున్నారు.

గుండ్లపెంట జనం దీనికి రెండు మూడు రోజుల్లో సర్దుకున్నారు. సినిమాహాలువాళ్లు మ్యాట్నీ తీసేశారు. రెండుంబావుకు కదిరి వెళ్లాల్సిన బస్సు, రెండుంబావు రాదు కనుక డిపోలోనే ఉండిపోయింది. కోర్టులో భోజన విరామం తరువాత చూస్తామన్న కేసులన్నీ విరామానికి ముందే ఆగిపోయాయి. మసీదులో పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, దాటిపోయిన మధ్యాహ్నపు జుహర్ నమాజులను తరువాత ఎవరి వీలును బట్టి వారు చేసుకోమన్నారు. కష్టమంతా బాలల భోజన సంఘానికి వచ్చింది.

ఆ సంఘం ఊరి చివర పాత శనక్కాయల మిల్లు షెడ్డులో వంట చేసి, చుట్టుపక్కల ఇరవై ఆరు బడులకు మధ్యాహ్న భోజనం పంపుతుంది. పంతొమ్మిది వందల పైచిలుకు పిల్లలు. సంఘం మేనేజరు దస్తగిరికి యాభై రెండేళ్లు. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని, బియ్యం ఎప్పుడొస్తాయో, గుడ్లు ఎన్ని పగిలాయో రాసుకుంటూ ఉన్న మనిషి. వంట మొత్తం ఓబుళమ్మ చేతిలో ఉండేది. ఆమె కింద పదకొండుమంది ఆడవాళ్లు పనిచేసేవారు.

మొదటిరోజు అన్నం, పప్పు, గుడ్లు ఎప్పటిలాగే పదకొండున్నరకు వ్యాన్లలో బయలుదేరాయి. నిబంధన ప్రకారం వడ్డన పన్నెండున్నరకు మొదలవ్వాలి. పన్నెండు కాగానే నాలుగు కావడంతో బళ్లలో చివరి గంట కొట్టారు. పిల్లలు పలకలు, సంచులు తీసుకుని, వ్యాన్ల పక్కనుంచి వాసన చూసుకుంటూ ఇళ్లకు పోయారు. వ్యాన్లు నిండుగా వెనక్కి వచ్చాయి. మధ్యాహ్నపు వేడి తగలలేదు కనుక అన్నం పాసిపోలేదు. ఓబుళమ్మ మూత తీసి చూసి, మళ్లీ పెట్టేసింది.

"వీళ్లు ఇండ్లకు పోయి ఏం తింటారన్నా? అమ్మానాయనలు పనికాడ ఉంటారు" అంది.

"ఒక్కరోజే గదా. రేపటికి తెరుస్తారులే" అన్నాడు దస్తగిరి.

రేపటికి తెరవలేదు. మధ్యాహ్నం రాకపోయినా మధ్యాహ్నపు ఆకలి మాత్రం వేళకు వచ్చేది. ఆకలి ఏ శాఖ కిందా లేదు కనుక దానిని మూయడం ఎవరికీ సాధ్యం కాలేదు. పన్నెండుకూ నాలుగుకూ మధ్య ఉన్న ఆ ఒక్క నిమిషంలోనే నాలుగు గంటల ఆకలీ కలిసి వచ్చేదని బడుల నుంచి ఫోన్లు వచ్చాయి.

మూడోరోజు దస్తగిరి జిల్లా కార్యాలయానికి వెళ్లాడు. తలుపులకు తాళం ఉంది. పథకం చూసే సూపరింటెండెంటు విశ్వనాథాచారి బయట మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. వాళ్లిద్దరికీ పదేళ్ల పరిచయం.

"నేనిప్పుడు లేను దస్తగిరీ" అన్నాడు ఆచారి పేపరు దించకుండానే. "చూసేదానికి ఉన్నట్టే ఉంటా. ఆఫీసు తెరిచినాక రా, అప్పుడు ఉంటా."

"పిల్లోళ్లు పస్తులుంటాండారు సార్. పదకొండుకే పెట్టేస్తే ఏమైతాది?"

"పదకొండు మధ్యాహ్నం ఎట్లయితాది? పథకం పేరే మధ్యాహ్న భోజనం."

"పేరు పక్కన పెట్టండి సార్."

"పేరు పక్కన పెడితే అందులో ఇంకేం మిగుల్తాది చెప్పు" అని ఆచారి నిజంగానే అడిగాడు. అన్నం మిగులుతుందని దస్తగిరి చెప్పాడు. ఆచారి పేపరు మడిచి అతని వైపు చూశాడు గానీ, లేనివాడు కనుక ఏమీ చెప్పలేదు.

నాలుగోరోజు పొద్దున ప్రార్థన వరుసలో నాలుగో తరగతి పిల్ల ఒకతె కళ్లు తిరిగి పడిపోయింది. తలకు రాయి తగిలింది. ఆ పిల్లకు మూడు రోజులుగా రాత్రి తినేదే తిండి అని, మామూలు రోజుల్లోనూ బడిలో పెట్టేదే ఆమెకు మొదటి ముద్ద అని హెడ్మాస్టరు నరసింహులు ఫోనులో చెప్పాడు. దస్తగిరి ఫోను పెట్టి వంటశాలలోకి వచ్చాడు. అతడు చెప్పింది విని ఓబుళమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"రేపు నాలుగింటికే పొయ్యి ఎలిగిస్తాం. పదిన్నరకంతా బళ్లకు చేరాల" అంది ఆమె. అతడు తల ఊపాడు.

అలా పంతొమ్మిది రోజులు పిల్లలు ఉదయం పదకొండింటికి తిన్నారు. ఆడవాళ్లు చీకటితోనే వచ్చేవారు. కట్టెలు తడిగా ఉంటే ఓబుళమ్మ ముందు తన ఇంటినుంచి తెచ్చిన పొడి పుల్లలు వేసేది. దస్తగిరి స్వయంగా వ్యాను వెంట వెళ్లి, పిల్లలు గుడ్డును చివరికి దాచుకుని తినడం చూసి వచ్చేవాడు. ఆ రోజుల్లో అతనికి నిద్ర బాగా పట్టింది. రిజిస్టరులో మాత్రం ఏమీ రాయలేదు. అందులో ఉన్నది 'మధ్యాహ్నం' అన్న ఒక్క గడే. అబద్ధం రాయడం అతనికి ఇష్టం లేదు. నిజం రాయడానికి అందులో చోటు లేదు.

ఇరవై నాలుగో రోజు ప్రభుత్వం తెరుచుకుంది. ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి సంతకం చేసేలా వెడల్పాటి కాగితం తయారు చేయించారు. ఆగిపోయిన ఇరవై మూడు మధ్యాహ్నాలను ప్రజలకు అన్యాయం జరగకుండా ఆ శనివారమే కలిపి విడుదల చేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది. శనివారానికి సొంతంగా ఉన్నదానితో కలిపి ఇరవై నాలుగు మధ్యాహ్నాలు వరుసగా వచ్చాయి. సూర్యుడు పడమటికి నాలుగు గంటలు దిగి, మళ్లీ నడినెత్తికి ఎక్కి, మళ్లీ దిగాడు. కుక్కలు నీడ కోసం ఇంటి ఇటువైపు నుంచి అటువైపుకు, అటునుంచి ఇటు మారుతూ అలిసిపోయాయి. ప్రతి మధ్యాహ్నానికీ ఒక భోజనం తప్పనిసరి. ఓబుళమ్మ, ఆడవాళ్లు ఇరవై నాలుగు సార్లు గంజి వార్చారు. పిల్లలు మొదటి భోజనం ఇష్టంగా తిన్నారు. రెండోది సగం తిన్నారు. నాలుగోదానికి పళ్లేలు పట్టుకుని టీచర్ల వైపు చూశారు. తొమ్మిదో భోజనానికి చాలామంది పళ్లెం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయారు. వాళ్ల ముందు గుడ్డు పెట్టి, పెట్టినట్టు టిక్కు కొట్టి, తీసి కోళ్లకు వేశారు. నరసింహులు బడిలో ఇరవై నాలుగోది వడ్డించేసరికి మేలుకుని ఉన్నది ఆయన ఒక్కడే.

పది రోజులకు తనిఖీ వచ్చింది. ఇరవై మూడు రోజులు భోజనం లేని పిల్లలు శనివారం ఇంత తక్కువ తినడం అనుమానానికి తావిస్తున్నదని నోటీసులో రాశారు. ఆకలి ఉండాల్సినంత లేదు కనుక ఎవరో మధ్యలో ఆకలి తీర్చి ఉంటారని, ఆ పని మూసివేత కాలంలో, అనుమతి లేని వేళలో జరిగి ఉంటే సంఘం గుర్తింపు రద్దవుతుందని, బియ్యం ఆగిపోతాయని అందులో ఉంది. దస్తగిరి నోటీసు పట్టుకుని విశ్వనాథాచారి దగ్గరికి పరిగెత్తాడు. ఆచారి ఈసారి తన కుర్చీలో ఉన్నాడు.

"పెట్టినావు గదా?" అన్నాడు ఆచారి గొంతు తగ్గించి.

"పెట్టినా సార్."

"మంచి పని చేసినావు. ఇప్పుడది చెయ్యలేదని రాసియ్యి."

"పంతొమ్మిది వందల మంది పిల్లోళ్లు చూసినారు సార్."

"వాళ్లు తిన్నది భోజనం అని వాళ్లకెట్ల తెలుస్తాది? పదకొండింటికి ఇచ్చినది భోజనం కాదు. ఒక పదార్థం. అది ఇయ్యకూడదని రూలు యాడా లేదు." ఆచారి ఒక తెల్లకాగితం తీసి అతని ముందుకు తోశాడు. "నేను చెయ్యగలిగింది ఇదే దస్తగిరీ. నీమీద కోపంతో చెప్తాండేది కాదు."

కోపం లేదన్న సంగతి దస్తగిరికి తెలుసు. ఆచారి కళ్లకింద చారలు చూస్తే, పొద్దుటి నుంచి ఇలాంటి కాగితాలు ఇంకా చాలామంది చేత రాయించినట్టు అనిపించింది. 'మూసివేత కాలంలో పిల్లలకు అందజేసినది భోజనం కాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము' అని అతడు రాశాడు. కింద వంట చేసినవారి సంతకం కూడా కావాలన్నారు.

ఓబుళమ్మ ఆ కాగితాన్ని అతనితోనే చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుంది.

"నేను నాలుగింటికి లేసి వండింది అన్నం కాదంటివా?"

"కాగితంలో కాదంటాండా. అంతే."

"మరేందది?"

"పదార్థం."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఉప్పు సరిపోయిందా లేదా అని రోజూ నోట్లో ఏసుకుని చూసినా గదన్నా దాన్ని" అంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. ఆమె దాని వైపు ఒకసారి చూసి, "ఇట్ల తే. పిల్లోళ్లకు వండాల ఇంక" అని సంతకం పెట్టింది. తన పేరులో ళ అక్షరాన్ని ఆమె ఎప్పుడూ పెద్దగా రాస్తుంది. ఆ రోజు అది కూడా చిన్నదిగానే పడింది.

గుర్తింపు నిలిచింది. ఆ తరువాత రెండు నెలలకు, మూసివేతను తట్టుకున్న సంస్థలన్నింటికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. రాజధాని నుంచి వచ్చిన నిపుణుడు మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడాడు. మూసివేత ప్రమాదం కాదని, ఎండాకాలం లాంటిదని, అది వస్తుందా అని కాకుండా వచ్చినప్పుడు ఎలా ఉండాలన్నదే సంస్థలు ఆలోచించుకోవాలని చెప్పాడు. సంస్థలు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుందన్నాడు. ప్రభుత్వం మూతపడినప్పుడు ప్రజల దగ్గరికి ఎలా చేరాలని ప్రణాళిక వేసుకుంటారు. అది శ్రమ, పైగా నిబంధనలకు విరుద్ధం. ఎవరూ చేరకపోయినా ఇబ్బంది పడకుండా ప్రజలను తయారు చేయడమే సరైన ప్రణాళిక.

దస్తగిరి చెయ్యెత్తాడు. "మాది అన్నం సార్. దానికెట్ల తయారుచేసేది?"

"క్రమంగా" అన్నాడు నిపుణుడు. "వారానికి ఒక రోజుతో మొదలుపెట్టండి."

ఆ రోజుకు సన్నద్ధత దినం అని పేరు పెట్టారు. గుండ్లపెంటలో అది మంగళవారం అయింది. మంగళవారం పన్నెండున్నరకు పిల్లలు వరుసల్లో కూర్చుంటారు. ముందు పళ్లేలు పెడతారు. వడ్డన ఉండదు. అరగంట తరువాత లేచి, పళ్లేలు కడిగి బోర్లిస్తారు. ఫారంలో 'స్పందన' అన్న గడి ఉంటుంది. మొదటి మంగళవారాల్లో హెడ్మాస్టర్లు అందులో 'ఏడుపు' అని, 'ఎక్కువ' అని రాసి పంపారు. మూడో నెలకు 'మామూలు' అని రావడం మొదలైంది. సంఘానికి బి గ్రేడు ఇచ్చారు.

దానికి పైదైన 'ఏ' గ్రేడుకు వారానికి మూడు రోజులు కావాలి. 'ఏ' గ్రేడు లేని సంఘాలకు వచ్చే ఏడు గుర్తింపు ఉంటుందో ఉండదో చెప్పలేమన్నారు. ఎక్కడో ఒక జిల్లాలో ఒక సంఘం ఆరు రోజులకూ చేరుకుని, ఆరు నెలలుగా పొయ్యి వెలిగించకుండా నడుస్తోందని, దాన్ని అందరూ వెళ్లి చూసి రావాలని ఉత్తరం వచ్చింది. దస్తగిరి వెళ్లి చూసి వచ్చాడు. వంటశాల చాలా శుభ్రంగా ఉంది. మసి కూడా లేదు. ఆ సంఘం మేనేజరు టీ ఇచ్చి, మొదట్లో తమకూ కష్టంగానే ఉండేదని చెప్పాడు.

మంగళవారానికి బుధ, శుక్రవారాలు తోడయ్యాయి. సంఘంలో పదకొండుమంది ఆడవాళ్లలో అయిదుగురు పని లేక మానుకున్నారు. వాళ్లు మానుకున్న రోజు ఓబుళమ్మ దస్తగిరి బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఇప్పుడు మూతపడలేదు గదన్నా. మధ్యాహ్నం వస్తాంది. బియ్యం వస్తాండాయి. గోడౌన్లో మూటలు కప్పుకు తగుల్తాండాయి. ఇంకెందుకు ఈ పస్తులు?"

"మళ్లీ మూతపడితే అని."

"పడినప్పుడు మనం పెట్టినాం గదా. పంతొమ్మిది రోజులు పెట్టినాం. మళ్లీ పడితే మళ్లీ పెడతాం. దీనికి అలవాటెందుకు?"

దస్తగిరి పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చాలా రోజులుగా అతనికి ఒంట్లో బాగా అలసటగా ఉంటోంది.

"మనం పెట్టలేదు ఓబుళమ్మా" అన్నాడు. "రాసిచ్చినాం గదా."

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. అతడు వెటకారం చేస్తున్నాడేమోనని చూసింది. అతడు మామూలుగానే ఉన్నాడు. రికార్డులో ఆ పంతొమ్మిది రోజుల ఎదురుగా ఏమీ లేదు. శిక్షణలో, సమీక్షల్లో, ప్రణాళికల్లో ఆ ఖాళీనే చూపించి, అప్పట్లో సంఘం చేతులెత్తేసిందని అందరూ అన్నారు. వినగా వినగా అతనికీ ఆ రోజులు సరిగా గుర్తు రావడం మానేశాయి. వ్యాను వెంట వెళ్లినట్టు, పిల్లలు గుడ్డు దాచుకున్నట్టు లీలగా ఉండేది. అది ఏ సంవత్సరమో చెప్పలేకపోయేవాడు.

ఓబుళమ్మ ఆ నెలాఖరుకు మానేసింది. గొడవేమీ పెట్టుకోలేదు. గరిటెలన్నీ తోమి, లెక్కపెట్టి అప్పగించి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. బస్టాండు వెనక ఇడ్లీలు వేస్తోందని, అడిగినవాళ్లకు ఏ వేళకైనా పెడుతోందని కొన్నాళ్లకు తెలిసింది. ఒకటి రెండుసార్లు దస్తగిరి ఆ దారిన వెళ్లాలనుకుని, ఆమె ఏమైనా అడుగుతుందేమోనని ఇంకో సందున తిరిగి పోయాడు.

మరుసటి ఏడు ప్రభుత్వం మూతపడలేదు. సంతకాలు పదిహేను రోజుల ముందే అయిపోయాయి. సన్నద్ధత వల్లనే ఈ స్థిరత్వం సాధ్యమైందని పేపర్లలో రాశారు. సన్నద్ధతను ఇంకా బలపరచాలని కూడా రాశారు. సంఘానికి 'ఏ' గ్రేడు ఖరారు చేయడానికి ముందు మేనేజరు స్వయంగా బడులు చూసి నివేదిక ఇవ్వాలన్నారు. ఒక బుధవారం దస్తగిరి నరసింహులు బడికి వెళ్లాడు.

ఎండ బాగా కాస్తోంది. వరండాలో పిల్లలు నాలుగు వరుసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పళ్లేలు తళతళలాడుతున్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు, ఎవరూ కదలడం లేదు. ఒకటి కొట్టగానే అందరూ కలిసి లేచి, కుళాయి దగ్గర వరుసగా నిలబడి, ఖాళీ పళ్లేలను బూడిదతో రుద్ది, కడిగి, ఎండలో ఆరబెట్టారు.

"మొదట్లో శానా ఇబ్బంది పడినాం సార్" అన్నాడు నరసింహులు. "ఇప్పుడు నేను మరిచిపోయినా, ఈ పొద్దు సన్నద్ధత సార్ అని పిల్లోళ్లే గుర్తు చేస్తారు."

కుళాయి దగ్గర చివరన ఒక చిన్నపిల్ల మిగిలింది. హేమశ్రీ అని పేరు, ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. పళ్లెం అంచున లేని మెతుకును గోటితో గీకి తీస్తోంది. దస్తగిరి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడగాలనిపించింది.

"ఆకలి కాలేదా పాపా?"

ఆ పిల్ల అతన్ని వింతగా చూసింది. ఇంత పెద్దాయనకు ఇది తెలియకపోవడం ఆమెకు ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"ఈ పొద్దు బుధవారం గదా సార్" అంది. "ఆకలి రేపు."

దస్తగిరి లేచి, 'స్పందన' గడిలో 'లేదు' అని రాసి, నరసింహులు చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇంకా మూడు బడులు చూడాల్సి ఉండటంతో వెంటనే బయలుదేరాడు.